ఎడమవైపు డెబ్బై రెండు

పగిలిన హెడ్‌లైటు భోజనాల బల్ల మీద, కాఫీ గ్లాసుల మధ్య ఉంది. దాన్ని అక్కడ పెట్టింది పెద్దకోడలి మరిది. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. కోపం మీదున్న మనిషి చేతిలో ఏదుంటే దాన్ని నలుగురికీ కనబడేలా ఎక్కడో ఒకచోట దించాలి, అంతే.

"పాలవ్యాను వాడు గుడ్డిగా దూసుకొచ్చాడు. ఇందులో పంచాయితీ ఏముంది?" అన్నాడు.

"వాడు గుడ్డిగా వచ్చాడో, మన కారే గుడ్డిగా బయటికెళ్ళిందో తేలాలి కదా," అంది పెద్దకోడలు.

మరిది హెడ్‌లైటుని ఆమె వైపు జరిపాడు.

నిన్న పొద్దున, శుక్రవారం, మామగారు కారు తీసుకుని కొత్త గేటులోంచి రోడ్డెక్కారు. ఎడమవైపు మలుపు తిరిగి పాలవ్యాను వచ్చింది. హెడ్‌లైటు పోయింది, బంపరు వంగింది, మనిషి మిగిలారు. ఇంకో అర మీటరు ముందుకొచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయంగా ఉందని వ్యానువాడు వణుకుతూ చెప్పిపోయాడు. రోజూ ఆ వేళకి ఆయన పక్క సీట్లో కూర్చుని బడికి వెళ్ళేది పెద్దకోడలి ఏడేళ్ళ కూతురు. జ్వరం వచ్చి నిన్నొక్కరోజే ఇంట్లో ఉండిపోయింది. ఆ జ్వరానికి దణ్ణం పెట్టాలనిపించింది తల్లికి.

"కొలిచింది మీ ఆఫీసువాళ్ళే కదా వదినా?" మరిది వదల్లేదు. "డ్రైవరుకి ఎడమవైపు డెబ్బై రెండు మీటర్లు కనబడుతోందని కాగితం మీద మీ ముద్రే ఉంది. డెబ్బై ఉంటే చాలన్నారు. మనకి రెండు ఎక్కువే వచ్చింది."

"ఆ రెండు చూస్తేనే నాకు అనుమానం."

అంచు మీద నెగ్గిన కాగితమంటే పెద్దకోడలికి గిట్టదు. పద్నాలుగేళ్ళుగా రోడ్ల ఆఫీసులో ఆమె పని అదే. ఎవరైనా కొత్త గేటు పెట్టి రోడ్డు మీదకి కారుదారి వేసుకుంటామంటే, అక్కడ డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి వచ్చే బండి ఎంత దూరంలో ఉండగా కనబడుతుందో కొలుస్తుంది. చాలితే ముద్ర, చాలకపోతే నమస్కారం. ఊరందరి గేట్లూ కొలిచిన మనిషి సొంతింటి గేటు మాత్రం కొలవకూడదని రూలు. అందుకని ఈ గేటు కొలవడానికి ఆఫీసులో అందరూ టేపు అని పిలుచుకునే పెద్దమనిషి వచ్చాడు. ఆ రోజు ఆమెకి ఊరవతల వేరే పని పడింది.

అలాగని ఆ మలుపు ఆమెకి కొత్తా? కాపురానికి వచ్చిన నాటినుంచీ నడుస్తున్న రోడ్డు. పక్కింటివాళ్ళ ప్రహరీగోడ సరిగ్గా మలుపు దగ్గర పొట్ట ముందుకు పెట్టుకుని నిలబడి ఉంటుంది. దాన్ని దాటి డెబ్బై రెండు మీటర్లు కనబడాలంటే గోడకి కిటికీ ఉండాలి.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవుగా?" తోటికోడలు తడి చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చింది. "ఇది గేటు తగువా, గదుల తగువా?"

"గదులేంటే?"

"వెనక రెండు గదులూ బావగారి ట్యూషన్లకి అనుకున్నారు మీరు. పసిపిల్లల్ని చూసుకోవడానికి నేను పెడుతున్న కేంద్రానికి పోయాయి. నువ్వు పైకి అనలేదు. కానీ అనకపోవడం కూడా అనడమేగా."

"సోమవారం నుంచి పదకొండు మంది పసిపిల్లలు ఆ గేటులోంచి వస్తారు, పోతారు. వాళ్ళ గురించి మాట్లాడుతుంటే నాకు గదులు అంటగడతావా?"

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు," అన్నాడు పెద్దకోడలి భర్త, లెక్కల మాస్టారు. గొడవ చల్లార్చాలని ఆయన ఆశ. "ఊరంతా దీని మాట వింటుంది, మన ఇల్లు తప్ప."

ఎవరూ నవ్వలేదు. ఆయన జోకులకి బళ్ళో పిల్లలైనా భయపడి నవ్వుతారు. ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

"నాన్నా, నువ్వే చెప్పు," అన్నాడు మరిది.

కిటికీ పక్క కుర్చీలో మామగారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నారు. చూపుడువేలు గ్లాసు అంచుకి లోపల ఆనించి పోసుకోవడం ఈమధ్య ఆయనకి పట్టుకున్న అలవాటు. కాఫీ వేలికి తగిలాక ఫ్లాస్కు పక్కన పెట్టారు. ఏళ్ళొచ్చాక శుభ్రం తగ్గిందని పెద్దకోడలు మనసులో ఎన్నిసార్లు విసుక్కుందో.

"చెప్పేదేముంది? హారన్ కొట్టకుండా వచ్చాడు వాడు," అన్నారు. "కొట్టి ఉంటే నేను ఆగేవాణ్ణి."

ఆయన తల వెనక గోడ మీద, బస్సు డిపో వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం అద్దంలో మెరుస్తోంది. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపి ఒక కోడిని కూడా తొక్కని డ్రైవరని అందులో దాదాపు అలాగే రాశారు. డిపోలో ఆయన్ని డేగ అనేవాళ్ళు. ఫర్లాంగు దూరంలో గుంట ఉంటే బస్సుకంటే ముందు ఆయన కన్ను దాన్ని దాటేదట.

"సోమవారం నుంచి పిల్లల వ్యాను నాన్నే నడుపుతారు," అన్నాడు మరిది. "నాన్నకంటే భద్రమైన డ్రైవరు ఎవరున్నారు? పిల్లల తల్లులందరూ ఆ పత్రం చూసే ఒప్పుకున్నారు."

"డ్రైవరు ఎంత మంచివాడైనా గోడ అవతల చూడలేడయ్యా. సోమవారం లోపల నేనొకసారి కొలుస్తాను. చాలకపోతే కాగితం రద్దుచెయ్యమని నేనే రాసిస్తాను."

మరిది ముఖం ఎర్రబడింది. "రాసుకో. కానీ టేపుగారికి నేను మంచం చేసిచ్చానని ఆఫీసులో పుకారు పుట్టిస్తే మాత్రం బావుండదు, చెప్తున్నా. ఆ మంచానికీ ఈ గేటుకీ ఏం సంబంధం లేదు."

పెద్దకోడలు అతని వంక చూసింది. మరిదికి కలప పనుల కార్ఖానా ఉంది. ఊళ్ళో చాలామందికి మంచాలు చేసిస్తాడు. కానీ ఈ మంచం సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఏ మంచం?" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఆ క్షణంలో మరిదిని చూపిస్తే సరిపోయేది. అతను హెడ్‌లైటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆ రోజు శనివారం, ఆఫీసు ఒంటిపూట. టేపు తన బల్ల దగ్గర పెన్సిళ్ళు చెక్కుకుంటున్నాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. నిజాయితీపరుడనే పేరు కూడా ఉంది. ఆ రెండో పేరుకి కూడా ఏదైనా కారణం ఉందో లేదో చూద్దామని పెద్దకోడలు ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో కొత్త మంచం బావుందా?"

టేపు కత్తి ఆపాడు. ఎర్రబడలేదు, తడబడలేదు. నొచ్చుకున్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది ఆమెకి.

"మా అమ్మకి నడుం నొప్పమ్మా. ఎత్తు మంచం కావాలని మీ మరిదికి ఆరు నెలల కిందట చెప్పాను. మీ గేటు దరఖాస్తు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంకొకరైతే ఈ మాట నన్ను అడక్కుండా పైవాళ్ళకే చెప్పేవాళ్ళు. నన్ను అడిగావు కాబట్టి సంతోషం."

"మరి డెబ్బై రెండు ఎలా వచ్చింది? ఆ గోడ మీకు కనబడలేదా?"

"గోడ కనబడింది. నాకూ ఆశ్చర్యమేసింది. అయినా కొలత కొలతే కదా." సొరుగులోంచి కొలతల పుస్తకం తీసి ఆమె ముందు తెరిచాడు.

పద్ధతి ఇద్దరికీ కంఠతా. రోడ్డు అంచుకి రెండున్నర మీటర్లు వెనక్కి, కారు ఆగేచోట, ఒక మనిషి స్టూలు మీద కూర్చుంటాడు. కళ్ళు నేలకి మీటరు మీద అయిదు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, అది సీట్లో ఉన్న డ్రైవరు కంటి ఎత్తు. రెండో మనిషి ఎర్రపలక పట్టుకుని రోడ్డు వెంట దూరంగా నడుస్తాడు. అయిదు మీటర్లకోసారి ఆగుతాడు. కూర్చున్నవాడు పలక కనబడినంతసేపూ 'ఉంది' అంటాడు, కనబడనిచోట 'పోయింది' అంటాడు. అక్కణ్ణుంచి సెంటీమీటర్లలోకి దిగుతారు. పలకని మోకాలెత్తులో పట్టుకోవాలి. ఎందుకంటే రోడ్డు మీద వచ్చేది ఎప్పుడూ లారీయే కాదు, ఒక్కోసారి చిన్నపిల్ల కూడా.

పుస్తకంలో ఎడమవైపు గడిలో అన్ని అంకెలూ వరసగా ఉన్నాయి. చివర డెబ్బై రెండు. పైన చిన్న గడిలో 'చూసినవారు' అని ఉన్నచోట టేపు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు: ఇంటి పెద్దాయన.

"మా మావయ్యగారా?" అంది.

"ఆ రోజు నా తోటి మనిషి సెలవు పెట్టాడు. తిరిగి వెళ్ళిపోదామనుకుంటే మీ మావయ్యగారే, 'కన్నే కదా కావాల్సింది, నేను కూర్చుంటా' అన్నారు. డేగ కంటే గట్టి కన్ను ఈ ఊళ్ళో ఎవరికుందమ్మా? చిన్నప్పుడు ఆయన బస్సులోనే నేను బడికెళ్ళాను. నేను పలక పట్టుకుని వెళ్ళాను. అయిదు మీటర్లకోసారి ఈల వేశాను, ఆయన 'ఉంది' అన్నారు. డెబ్బై అయిదు దగ్గర 'పోయింది' అన్నారు. వెనక్కి జరుగుతూ వచ్చి డెబ్బై రెండు రాశాను."

"రెండోసారి చూశారా?"

టేపు పెన్సిలు పొట్టు చేత్తో కుప్ప చేశాడు. "ప్రతి కొలతా రెండుసార్లు చూడాలి, నిజమే. ఆయన్ని మళ్ళీ కూర్చోమంటే నమ్మనట్టు ఉంటుందని ఊరుకున్నాను. తప్పే."

పెద్దకోడలు లేచింది. మెట్లు దిగుతుంటే అంతా తేటతెల్లమైనట్టే ఉంది. మరిది తప్పుచెయ్యలేదు, టేపూ చెయ్యలేదు. చిన్నకొడుకు ముచ్చట కోసం మామగారు కనబడనిది కనబడిందని చెప్పారు. ఆయన ఎప్పుడూ చిన్నోణ్ణి వెనకేసుకొస్తారు. కానీ ముప్ఫై రెండేళ్ళు రోడ్డుని దేవుడిలా చూసుకున్న మనిషి రోడ్డు విషయంలో అబద్ధమాడతారా? కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

కోపం కంటే బాధే ఎక్కువ వేసింది ఆమెకి. ఈ ఇంట్లో ఆమె ఎవరి మాటైనా ఎదురు ప్రశ్న లేకుండా నమ్మేదంటే అది ఆయన మాటే.

*

ఆదివారం పొద్దున చలి కొరుకుతోంది. పిల్లల తల్లులు ఇద్దరు గదులు చూడడానికి వస్తారని తోటికోడలు లోపల సర్దుతోంది. అక్కచెల్లెళ్ళేమోనని ఎవరైనా పొరబడేలా కోడళ్ళిద్దరూ ఒకే నీలంరంగు స్వెట్టర్లు వేసుకున్నారు. అది ప్రేమ కాదు, ముందుజాగ్రత్త. తగువులొస్తాయని అన్నదమ్ములు ఏది కొన్నా ఇద్దరికీ ఒకటే రకం కొంటారు.

సూర్యుడు గేటులోంచి చూసేవాళ్ళ వెనక్కి వచ్చేదాకా ఆగి, పెద్దకోడలు స్టూలు తెచ్చి వేసింది. ఎండ కళ్ళలో పడిందనే వంక ఎవరికీ మిగలకూడదు.

"మావయ్యగారూ, ఒక్కసారి కూర్చుంటారా?"

"మళ్ళీనా?" ఆయన నవ్వారు. "నీ ఆఫీసుకి నా కళ్ళు బాగా రుచించినట్టున్నాయి, పెద్దమ్మాయ్."

వచ్చి కూర్చున్నారు. నేలనుంచి కంటి ఎత్తు కొలిచి, స్టూలు కింద చెక్కముక్క పెట్టింది. కూతురు కూడా తాతయ్య పక్కన చేరి మోకాళ్ళ మీద కూర్చుంది. జ్వరం తగ్గింది. భుజానికి తోలుసంచీ, మెళ్ళో ఈల. తాతయ్య కారెక్కిందంటే దానికి ఆ వేషం ఉండాల్సిందే. ఇంట్లో అందరూ దాన్ని కండక్టరమ్మా అని పిలుస్తారు.

పెద్దకోడలు ఎర్రపలక తీసుకుని నడిచింది. ఆగి, దూరం పైకి చెప్పింది. "పది!"

"ఉంది!"

"ఇరవై!"

"ఉంది!"

నలభై దాటాక గోడ పొట్ట అడ్డం రావడం మొదలైంది. పలక అంచు రాతి వెనక్కి జారింది. నలభై అయిదు దగ్గర ఆగి, పలకనే చూస్తూ అంకె చెప్పడం మరిచి, "చూడండి!" అని మాత్రం కేకేసింది.

"పోయింది!" అన్నారు మామగారు, ఠక్కున.

వెనక్కి జరిగింది. నలభై నాలుగు దగ్గర "ఉంది!" అన్నారు. సరిగ్గా గోడ అడ్డం వచ్చే చోటే, సెంటీమీటరు తేడా లేదు. డేగ కన్ను డేగ కన్నే.

పుస్తకంలో నలభై నాలుగని రాసుకుంది. అంటే ఆయనకి అంతా శుభ్రంగా కనబడుతోంది. అంటే ఆ రోజు టేపుతో కావాలనే అబద్ధం చెప్పారు. వెంటనే వెళ్ళి నిలదీయాలనిపించింది. కానీ కొలత రెండుసార్లు చూడాలి. మరొకరు చూడలేదని నిన్న తప్పుపట్టి, ఇవాళ తను మానేస్తే ఎలా?

మళ్ళీ మొదటికి వచ్చి నడక మొదలుపెట్టింది. ఈలోగా లోపల్నుంచి పిన్ని పిలిచిందని కూతురు ఇంట్లోకి పరిగెత్తింది.

"నలభై!"

"ఉంది!"

"నలభై అయిదు!"

"ఉంది!"

ఆగిపోయింది. సరిగా వినలేదేమో అనుకుంది. పూర్తిగా గోడ వెనకాలకి వెళ్ళింది. అక్కడ ఆమెకి గేటూ కనబడదు, స్టూలూ కనబడదు.

"యాభై అయిదు!"

"ఉందమ్మాయ్, ఉంది! సాగు!"

వేళాకోళమా? ఒళ్ళు మండిపోయింది. ఇందాక నలభై నాలుగన్న మనిషి ఇప్పుడు గోడలోంచి చూస్తున్నారా? విసవిసా వెనక్కి నడిచింది. గేటుకి పది మీటర్ల దూరంలో ఆగి, ఏదో అనబోయి, ఆయన ముఖం చూసింది.

ఆయన ఆమె వైపే చూస్తున్నారు. పెదాల మీద ధీమాగా చిరునవ్వు ఉంది. తల కాస్త పక్కకి వంచి, అడుగుల చప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడికి చెవి పెట్టి ఉన్నారు.

పెద్దకోడలు పలకని వీపు వెనక దాచింది. ఎప్పటిలాగే దూరం చెప్పింది.

"పది."

"ఉంది," అన్నారు మామగారు.

పలక ఇంకా ఆమె వీపు వెనకే ఉంది. కాఫీ గ్లాసులో వేలు గుర్తొచ్చింది. పొద్దుగూకితే కారు తియ్యనని ఏడాదిగా ఆయన పెట్టుకున్న నియమం గుర్తొచ్చింది. పేపరు చదవడం పిల్లకి అలవాటవ్వాలని దాని చేతే రోజూ పైకి చదివించుకోవడం గుర్తొచ్చింది. హారన్ కొట్టి ఉంటే ఆగేవాణ్ణన్న మాటా గుర్తొచ్చింది.

లోపల్నుంచి కూతురు పరిగెత్తుకొచ్చింది. "నేను లేకుండా ఎందుకు మొదలుపెట్టావ్ తాతయ్యా?" అంటూ పక్కన కూర్చుని, మామూలుగా ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"కండక్టరమ్మా," అంది పెద్దకోడలు. "ఇందాక తాతయ్య 'పోయింది' అన్నప్పుడు నువ్వేం చేశావు?"

"మోకాలు నొక్కాను. ఒకసారి నొక్కితే ఉంది, రెండుసార్లు నొక్కితే పోయింది." గర్వంగా చెప్పింది. "కార్లో అయితే నోటితోనే చెప్తా. ఎడమ ఖాళీ, కుడి ఖాళీ, రైట్ రైట్! ఎవరైనా వస్తుంటే హోల్డాన్ అంటా. కండక్టరు చెప్పకుండా డ్రైవరు బస్సు తియ్యకూడదు, కదా తాతయ్యా? మొన్న నేను లేనప్పుడే కదా వ్యాను తగిలింది."

మామగారి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నువ్వెళ్ళి మంచినీళ్ళు తాగి రా అమ్మా," అంది పెద్దకోడలు. పిల్ల వెళ్ళింది. ఇద్దరే మిగిలారు.

"ఎప్పట్నుంచి, మావయ్యగారూ?"

"ఎడమకన్ను పోయి ఏడాది దాటింది," అన్నారాయన. "కుడిది దగ్గరకైతే ఫరవాలేదు. దూరమంతా మంచు పట్టినట్టు ఉంటుంది. డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. నేనే వినలేదు."

"నా కూతుర్ని రోజూ పక్కన కూర్చోబెట్టుకుని..." మాట పూర్తికాలేదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. "ఏడేళ్ళ పిల్ల చెబితే మీరు రోడ్డెక్కుతున్నారా? అది ఒక్కసారి సంచీలో పెన్సిలు వెతుక్కుంటే? ఒక్కసారి తప్పు చెబితే?"

"అది ఎప్పుడూ తప్పు చెప్పలేదమ్మాయ్."

"దాని వయసు ఏడు!"

ఆయన తల దించుకున్నారు. "టేపు వచ్చిన రోజు కాదంటే ఎందుకని అడుగుతాడనుకున్నా. వీధి నాకు తెలుసు, గోడ ఉందని తెలుసు. కానీ అది ఎన్నో మీటరు దగ్గర మింగుతుందో ఎప్పుడూ కొలిచినవాణ్ణి కాదు. ఈలని బట్టి అంచనా వేసి చెప్పా. చిన్నోడి పని ఆగకపోతే చాలనుకున్నా." కారున్న వైపు చెయ్యి చూపారు. "ఇంట్లో నాకు ఈ కారు తప్ప ఏముంది? పొద్దున్నే 'నాన్నా, తాళంచెవి' అని ఎవరో ఒకరు అడిగేది దీని వల్లే. అది కూడా పోతే నేను కిటికీ పక్క కుర్చీనే కదా."

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ వేరే మనిషి కోసం తెచ్చుకున్నవి. గేటు పక్క మేకుకి వేలాడుతున్న కారు తాళంచెవి తీసి, స్వెట్టరు జేబులో వేసుకుంది.

"రేపు ఆ వ్యాను మీరు ముట్టుకోరు. కారు కూడా."

"ముట్టుకోను. కానీ ఎందుకని అడిగితే ఏం చెప్తావు?"

అడిగేవాళ్ళు అప్పుడే గుమ్మం దిగి వస్తున్నారు. ముందు తోటికోడలు, పక్కన ఇద్దరు తల్లులు, ఒకామె చంకలో పసివాడు. వెనక మరిది, అతని వెనక లెక్కల మాస్టారు. తోటికోడలు నవ్వుతూ వచ్చి పెద్దకోడలి పక్కన నిలబడింది. నిన్నటి గొడవ బయటివాళ్ళ ముందు కనబడకూడదని ఆమె భుజం మీద చెయ్యి కూడా వేసింది.

"ఈయనేనండీ మా మావయ్యగారు. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపారు. రేపట్నుంచి మీ పిల్లల్ని తీసుకొచ్చేది ఈయనే."

"పత్రం చూశామండి లోపల," అంది పసివాడి తల్లి. "మాకు ఇంకేం బెంగ లేదు."

మరిది వదిన చేతిలో పుస్తకం వైపు చూశాడు. పైకి నవ్వుతున్నాడు కానీ కళ్ళు నవ్వడం లేదు. "కొలిచావా వదినా? ఎంత వచ్చింది?"

నలభై నాలుగంటే మామగారు అబద్ధాలకోరు అవుతారు. అబద్ధం కాదు అంటే నిజం చెప్పాలి. ఆ నిజం ఇంతమంది ముందు, ఈ పరాయి ఆడవాళ్ళ ముందు చెప్పాలి. చెప్పకపోతే రేపు పొద్దున పదకొండు మంది పిల్లలు. పెద్దకోడలు నోరు తెరిచింది.

"డెబ్బై రెండే," అన్నారు మామగారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. స్టూలు మీదనుంచి లేచి, ఇంటివైపు తిరిగి నిటారుగా నిలబడ్డారు. ఇప్పుడు ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. 

"మళ్ళీ అంతే వచ్చింది. మా పెద్దమ్మాయి చాదస్తం గానీ, డేగ కొలత మారుతుందా?" నవ్వారు. పాత నవ్వే, డిపో అంతా వినబడేలా నవ్వే నవ్వు. "కారు అడ్డంగా ఉంది. వీళ్ళ బళ్ళు బయటికి రావాలి కదా, నేను తీస్తాను. తాళంచెవి ఇలా ఇయ్యి, పెద్దమ్మాయ్."

ఒక్క అడుగు ముందుకు వేసి, రెండు నీలం స్వెట్టర్ల ముందు ఆగారు. అరచెయ్యి చాచారు, తోటికోడలి ముందు.

తోటికోడలు నవ్వబోయి ఆగింది. పెద్దకోడలి వంక చూసింది, మళ్ళీ ఆ చెయ్యి వంక చూసింది. మరిది ముఖంలో రంగు మారింది. లెక్కల మాస్టారు ఏదో జోకు వెయ్యబోయి పెదాలు మూసేశాడు. చెయ్యి అలాగే ఉంది, కదల్లేదు.

"ఇయ్యమ్మాయ్, వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు," అన్నారు మామగారు తోటికోడలితో, మెత్తగా, బతిమాలుతున్నట్టు.

మంచినీళ్ళ గ్లాసుతో కూతురు గుమ్మం దిగొచ్చింది. జరుగుతున్నది చూసింది. గ్లాసు మెట్టు మీద పెట్టి, గబగబా వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. రోజూ చేసే పనే కాబట్టి దానికి ఇందులో వింతేమీ లేదు.

"అటు కాదు తాతయ్యా," అంది రహస్యంగా, అందరికీ వినబడేలా. "అమ్మ ఇటు ఉంది."